బానెట్ మీద నందివర్ధనాలు

ఓల్డ్ సెటిల్‌మెంట్,
ఖరగ్‌పూర్.

చిరంజీవి సౌభాగ్యవతి మౌనికకు అత్తయ్య దీవెనలు.

ఇక్కడ నేనూ ఫణీ ఒంట్లో బాగానే ఉన్నాం. క్షేమం అని రాయబోయి ఆ మాట దగ్గర కాసేపు ఆగాను. మీ మామయ్య లేని ఇంటికి ఆ మాట ఇంకా అలవాటు పడలేదు. అక్కడ నువ్వూ, అమ్మా నాన్నగారూ చల్లగా ఉండాలని దీపం పెట్టినప్పుడల్లా సింహాచలం అప్పన్నను అడుగుతున్నాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోనులో నువ్వు "బాగానే ఉన్నాను అత్తయ్యా" అంటావు, నేను "సరేనమ్మా, ఉంటాను" అంటాను. ఇక్కడ ఫణి గదిలోకి వస్తాడు, అక్కడ మీ నాన్నగారు దగ్గుతారు. మనం చెప్పుకోవలసిందేదీ అందులో పట్టదు. నువ్వు పంపిన జీడిపప్పు పార్సిల్లో, డబ్బా అడుగున, మడతపెట్టిన నీ కాగితం దొరికింది. దాన్ని దేవుడి గూట్లో పెట్టి ఇన్నాళ్ళూ దాని ముందే తిరుగుతున్నాను. ఈరోజు పెన్ను పట్టుకోవడానికి కారణం ఒక్కటే. నువ్వు చివర అడిగిన మాటకు జవాబు నాకు తెలిసింది. తెలిశాక కూడా రాయకుండా ఉంటే దీపం ముందు కూర్చోలేను.

ముందు మిగతావాటికి జవాబులు రాస్తాను. మోకాళ్ళ సంగతి అడిగావు. వానలు కదా, నొప్పులున్నాయి. నువ్వు కాచి పెట్టిన నూనె అయిపోయింది. పక్కింటి దోర్కా వాళ్ళ చర్చిలో ఎవరో ఇచ్చారని ఒక సీసా తెచ్చి, "అక్కా, ప్రార్థన చేసిన నూని. నీ దేవుడేటీ అనుకోడులే, రాసుకో" అంది. రాసుకున్నాను. కొంచెం పనిచేసింది.

ఫణి వేళకు తింటున్నాడా అని అడిగావు. తింటున్నాడు. పళ్ళెం పక్కన ఫోను బోర్లా పెడతాడు. రెండు ముద్దలు తిని, తిప్పి చూసి, మళ్ళీ బోర్లా పెడతాడు. నీ దగ్గరి నుంచి ఏదైనా వచ్చిందేమోనని. నాతో మాత్రం అనడు. మొన్న రైల్వే షెడ్డు నుంచి వచ్చి తిని లేస్తూ "కూర బాగుందమ్మా" అన్నాడు. ఆ రోజు కూరే చేయలేదు, పప్పూ అన్నమే. క్వార్టరు వాడి పేరు మీదికి మార్చే పని ఆఫీసులో నడుస్తోంది. అయ్యేలాగే ఉంది.

నందివర్ధనం పూస్తోందా అని అడిగావు. ఆ జవాబు చివర రాస్తాను. నువ్వు ఊరికే అడగలేదని నాకు తెలుసు.

కారు అమ్మేశారా అన్నావు. అమ్మలేదు. అమ్మేద్దామని ఫణి తుడిపించాలనుకున్నాడు. కానీ దాని మీది గుడ్డ తీయడానికి వాడికి చేతులు రాలేదు. నాకూ రాలేదు, విశ్వకర్మ పూజ వచ్చే వరకు.

ఆ పూజ నాడు మీ మామయ్య హడావిడి నువ్వు చూడనేలేదు. వర్క్‌షాపు గేట్లు ఊరంతటికీ తెరుస్తారు. లేతు మిషన్లకు, క్రేన్లకు, ఆఖరికి తోపుడు బళ్ళకు కూడా దండలు వేస్తారు. ఆయన పెయింట్ షాపులో బోగీలకు రంగులు వేసిన మనిషి కాబట్టి, ఆ రోజు మన కారు మీద దుమ్ము కనబడితే తనకే అవమానమనేవారు. తెల్లవారకముందే లేచి, డబ్బాలోంచి గట్టి పాలిషు వేలితో తీసి, చిన్న చిన్న గుండ్రాలుగా రుద్దేవారు. చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్ది, ఒంగి, బానెట్‌లో తన మొహం చూసుకుని "ఇప్పుడు మనిషిలాగున్నాను" అనేవారు.

ఈసారి తెల్లవారేసరికి వర్క్‌షాపు వైపు నుంచి ఢాక్ డోళ్ళు మోగడం మొదలైంది. మనకు ఏటిసూతకం, పండగ లేదు. కానీ దుమ్ము దులపడానికి సూతకం ఏం అడ్డమనిపించింది. ఫణి డ్యూటీకి వెళ్ళాక, బకెట్టు పట్టుకుని కారు మీది గుడ్డ తీశాను. ఎర్ర దుమ్ము గుడ్డ లోపలికి కూడా చేరింది. కడిగాను. వైపర్ల కింద సందులో వేలు పెట్టి ఆకులు తీస్తుంటే, ఎండిపోయిన బంతి రేకు ఒకటి వచ్చింది. అది నీ గృహప్రవేశం నాటిది. చేతిలో పెట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆ రోజు నీకు గుర్తు చేయనక్కర్లేదు. కానీ నేను నీకు చెప్పనిది కొంత ఉంది కాబట్టి మొదటి నుంచి రాస్తాను.

పలాసలో పెళ్ళి కాగానే మేమిద్దరం ముందు బండికి వచ్చేశాం కదా, హారతి పళ్ళెం, గడప దగ్గర బియ్యం చెంబు సర్దుకోవాలని. నిన్నూ ఫణినీ మీ మామయ్య అక్క రత్నం వదిన రాత్రి బండికి తీసుకువచ్చింది. మీరు దిగే రోజు పొద్దున చూస్తే కారు నిండా దుమ్ము. మీ మామయ్యకు గట్టి పాలిషు రుద్దే వ్యవధి లేదు. గోల్ బజార్‌లో, అందరినీ వదినను చేసి బౌది అని పిలిచే దుకాణం దాదా ఒక స్ప్రే సీసా అంటగట్టాడు. "బౌది, కొట్టండి, పామండి, తుడవండి, అంతే. అద్దం అయిపోతుంది" అన్నాడు. మీ మామయ్య దాన్ని చేతిలో తిప్పి చూసి పెదవి విరిచారు. "ఏటే ఇది, సెంటు కొట్టినట్టు కొట్టేస్తే పాలిషైపోద్దా? నా సర్వీసంతా దండగన్నమాట" అన్నారు. ఆయన స్నానానికి వెళ్ళారు. ఆ కొత్త సరుకు నేనే కొట్టి చూశాను.

నేను చేసింది ఇది. ముందు కారుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. శుభమా అని కోడలు ఎక్కే బండికి మొదట బొట్టు పెట్టకుండా ఇంకేం చేయాలి. తరువాత సీసా తీసి బొట్ల చుట్టూ కొట్టాను. వాసన బాగుందని, మెరుపు బాగా రావాలని, తడిసేలా కొట్టాను. గుడ్డతో పామాను. అయితే రెండో గుడ్డతో, పొడిగుడ్డతో, గట్టిగా తుడవాలని సీసా మీద రాసి ఉందట. నేను చదవలేదు. చదివినా తుడిచేదాన్ని కాదు. తుడిస్తే కుంకుమ పోతుంది. శుభం నాడు బొట్టు చెరపకూడదని, ఆ జిడ్డును అలాగే వదిలేశాను. ఎండ పడేసరికి కారు అద్దంలాగే మెరిసింది. మీ మామయ్య బయటికి వచ్చి చూసి "పర్లేదు" అన్నారు. అది ఆయన మెచ్చుకోలు.

తరువాత దోర్కా తమ్ముడు టోని పూలు తెచ్చాడు. ఊళ్ళో పెళ్ళి కార్లన్నీ అతనే కదా అలంకరిస్తాడు. టేపు అంటించి, నొక్కి, మళ్ళీ నొక్కి, "ఆంటీ, టేపు పట్టట్నేదేటి? ఏటైనా రాసినారా?" అని అడిగాడు. నేను హారతి పళ్ళెంలో కర్పూరం వెతుకుతున్నాను. "మంచు పడ్డాదేమో నాయనా, ఇంకో వరస వెయ్యి" అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. పాలిషుకీ టేపుకీ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు. అతను రెండు వరసలు వేశాడు.

మిగతాది నీ కళ్ళతో చూశావు. గుడిలో దర్శనం చేసుకుని మలుపు తిరుగుతుంటే, స్పీడ్ బ్రేకర్ దగ్గర, దండలన్నీ ఒక్కసారిగా పక్కకు జారి, చక్రం కింద పడి నలిగిపోయాయి. నేను ఇంటి దగ్గర హారతి పట్టుకుని నిలబడి ఉన్నాను. మీ కారు పూలు లేకుండా, మెరుస్తూ, సందులోకి వచ్చింది. రత్నం వదిన దిగుతూనే అంది. "గడప తొక్కకముందే పువ్వుల్ని తొక్కించినాదిరా తమ్ముడా." మీ మామయ్య వెంటనే "తొక్కింది టైరక్కా, కోడలు కాదు. టోనిగాడి టేపు నాసిరకం" అని నవ్వేశారు. అందరూ నవ్వారు. నువ్వు కూడా తలవంచుకుని నవ్వావు. నీ కాలి దగ్గర బియ్యం చెంబు పెడుతూ నీ పాదాలు చూశాను. పసుపు ఆరని ఆ పాదాలు చూసి మా ఇల్లు నిండిందనుకున్నాను. అది మాత్రం నిజం తల్లీ.

తరువాత జ్యేష్ఠంలో మీ మామయ్య స్నానానికి వెళ్ళి అక్కడే కూలిపోయారు. ఫణి, టోని కలిసి ఎత్తారు. ఆస్పత్రి మెట్ల దగ్గరికే చేరారు, అంతే. పదో రోజున చుట్టాలందరి మధ్య రత్నం వదిన ఏడుస్తూ "ఆ పువ్వులు రాలినప్పుడే నా గుండె గుభేలుమంది. మా తమ్ముడు నవ్వేసినాడు. ఇప్పుడెవడు నవ్వుతాడు" అంది. నువ్వు వంటింటి గుమ్మంలో మజ్జిగ గిన్నె పట్టుకుని ఉన్నావు. నా వైపు చూశావు. ఒక్క మాట, "ఊరుకో వదినా" అని ఒక్క మాట నేను అంటానని చూశావు. నేను విస్తరి వైపు చూశాను.

దుఃఖంలో ఉందిలే పాపం, వినలేదేమోలే అని నువ్వు అనుకుని ఉంటావు. నీకు అంత మంచి మనసుంది. నేను విన్నాను.

ఆషాఢానికి మీ వాళ్ళు వచ్చి నిన్ను తీసుకువెళ్ళారు. శ్రావణం రాగానే నిన్ను తీసుకురమ్మని ఫణిని పంపవలసింది నేను. పంపలేదు. "తొందరేటి, ఉండనియ్యి కొన్నాళ్ళు" అని రత్నం వదిన అంది. నేను తలూపాను. వాడు మాత్రం రోజూ నా మొహం చూసేవాడు, ఎప్పుడు వెళ్ళమంటానా అని. మీ ఇంట్లో మీ అమ్మగారు ఏం చెప్పుకుని ఉంటారో, ఇరుగుపొరుగు ఏం అడిగి ఉంటారో అని ఈ మధ్యే ఆలోచిస్తున్నాను. ముందు ఆలోచించలేదు.

ఆలోచన ఎప్పుడు మొదలైందంటే, ఎదురు క్వార్టరులో అమ్మాయి ఉద్యోగం పరీక్షకు బయలుదేరిన రోజు. నేను చెత్త పారేద్దామని బకెట్టుతో గేటు తీశాను. ఆ పిల్ల గుమ్మం దిగబోయింది. వాళ్ళమ్మ దాని జబ్బ పట్టుకుని మెల్లిగా లోపలికి లాగి తలుపు దగ్గరికి వేసింది. చిన్నప్పటి నుంచి నా చేతి పులిహోర తిన్న పిల్ల. నేను లోపలికి వచ్చి తలుపు సందులోంచి చూస్తే, మళ్ళీ బయటికి వచ్చి వెళ్ళిపోయారు. నా మీద వాళ్ళకు కోపమేమీ లేదు. సాయంత్రం వచ్చి "అక్కా, పరీక్ష బాగా రాసినాదట" అని చెప్పి కూడా వెళ్ళింది. బకెట్టు పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు నువ్వు గుర్తొచ్చావు, మజ్జిగ గిన్నె పట్టుకుని గుమ్మంలో.

అయినా అప్పటికీ నిజం నాకు తెలియదు. నీ తప్పేమీ ఉండదని మనసు ఒకపక్క చెబుతున్నా, పూలు రాలడం మాత్రం రాలాయి కదా అని ఇంకోపక్క అంటూనే ఉంది. విశ్వకర్మ పూజ నాడు తేలింది.

కారు కడిగాక డిక్కీ తెరిస్తే ఆ స్ప్రే సీసా, నా పాత చీర ముక్క అలాగే ఉన్నాయి. ఆయన లేరు, గట్టి పాలిషు రుద్దే బలం నా చేతికి లేదు, కనీసం ఇదైనా కొడదామని బానెట్‌కు ఒక సగం కొట్టాను, ఆ రోజు కొట్టినట్టే. ఇంతలో దోర్కా గోడ అవతల నుంచి పిలిచింది. నా చేతిలో అప్పుడే కోసుకొచ్చిన దేవుడి పూల బుట్ట ఉంది. నేల తడిగా ఉందని దాన్ని బానెట్ మీద పెట్టి అటు తిరిగాను. బుట్ట దానంతట అదే, ఎవరో తోసినట్టు, జారి వెళ్ళి నేల మీద పడింది. నందివర్ధనాలన్నీ సబ్బు నీళ్ళలో పడ్డాయి.

దోర్కా చూసి నవ్వింది. "అక్కా, కారుకి నూని గానీ పూసినావేటి? అద్దం మీద ఈగ కూడా నిలబడదు" అంది.

నేను నవ్వలేదు. బుట్ట తీసి రెండో సగం మీద, స్ప్రే కొట్టని చోట పెట్టాను. కదలలేదు. మళ్ళీ ఇటు పెట్టాను. జారింది. అక్కడే కూర్చున్నాను. "ఏటైంది అక్కా, నీళ్ళు తేనా?" అని దోర్కా గోడ దిగి వచ్చింది. "మీ టోనిని ఒకసారి రమ్మను, టేపు తెమ్మను" అన్నాను.

టోని వచ్చాడు. నేను ఏమీ చెప్పకుండా "ఈ పక్క ఒక పువ్వు, ఆ పక్క ఒక పువ్వు అంటించు నాయనా" అన్నాను. అంటించాడు. అతను చెయ్యి తీయకముందే స్ప్రే కొట్టిన పక్క టేపు చుట్ట చుట్టుకుని, పువ్వుతో సహా జారింది. రెండోది అలాగే ఉంది. అతను కారు వైపు, సీసా వైపు, నా వైపు చూశాడు.

"పెళ్ళినాడు కూడా ఇదే కొట్టినారా ఆంటీ?"

"ఇదే నాయనా."

"నానప్పుడే అడిగినాను. టేపు పట్టట్నేదు, ఏటైనా రాసినారా అని."

"అడిగావు."

 ఆ పెళ్ళి నాటి నుంచి సుభాష్‌పల్లిలో అతన్ని పెళ్ళి కార్లకు పిలవడం మానేశారట. కుర్రాళ్ళు "పూలు రాల్చే టోని" అని పేరు పెట్టారట. ఆ మాట దోర్కా చెప్పింది, అతను కాదు. అతను మాత్రం టేపు చుట్టుకుంటూ, "నా సంగతి పోన్లెండి ఆంటీ, రేపు ఇంకో పెళ్ళి వస్తాది. మౌనిక బౌదికి చెప్పినారా?" అన్నాడు.

లేదన్నాను.  అతను అక్క చేతిలోంచి నీళ్ళ గ్లాసు తీసుకుని నాకు అందించి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే రత్నం వదిన మన ఇంటికి వచ్చింది. ఫణి కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఇద్దరినీ బయటికి తీసుకువచ్చి, బుట్ట పెట్టి చూపించాను. జరిగినదంతా చెప్పాను. స్ప్రే కొట్టింది నేను, తుడవనిది నేను, టోని అడిగితే మంచు అన్నది నేను. ఫణి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. వదిన బుట్టను తనే రెండుసార్లు పెట్టి చూసింది. రెండుసార్లూ జారింది. ఇక ఒప్పుకుంటుందనుకున్నాను.

వదిన కొంగుతో చెయ్యి తుడుచుకుని అంది. "అయితే కానీ. మరి సరిగ్గా ఆ రోజే నీకు పాలిషు కొట్టాలని ఎందుకు తోచినాది? ఎప్పుడూ లేనిది? అదీ శకునమే."

నాకు అప్పుడు అర్థమైంది. ఎన్ని పూలు అంటించి చూపించినా లాభం లేదు. ఆవిడకు తమ్ముడు పోయాడు. ఎవరో ఒకరు కావాలి. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. కానీ ఈసారి విస్తరి వైపు చూడలేదు.

"తోచింది నాకు కదా వదినా," అన్నాను. "శకునమే అయితే అది నాది. అనవలసింది నన్ను. ఆ పిల్లనెందుకు?"

"నిన్నింక అనేదేటుందే," అంది వదిన, మెల్లిగానే. "నీకు జరగాల్సింది జరిగిపోయినాది."

పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ మాటకు నేను ఎదురు చెప్పి ఎరగను. ఆ రోజు చెప్పాను. "నా కోడలు నా ఇంటికి వస్తుంది. వచ్చాక ఈ మాట నా గడప లోపల ఎవరి నోటా వినబడకూడదు. నీ నోట కూడా." గొంతు పెంచలేదు. పెంచడం నాకు రాదు. ఆవిడ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తరువాత ఇటు రాలేదు. వస్తుందో రాదో తెలియదు. ఆయనకు తోబుట్టువు ఆవిడ ఒక్కతే. ఆయన పోయిన ఏడాదే ఆ గుమ్మం కూడా మూసుకుపోయినట్టయింది.

ఫణి ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. రాత్రి పళ్ళెం ముందు కూర్చుని, ఫోను బోర్లా పెట్టకుండా, "సెలవు పెడతానమ్మా" అన్నాడు. పెట్టమన్నాను. వాడు పలాస వస్తాడు. నువ్వు వాడితో రావాలని నేను ఆజ్ఞ వేయడం లేదు. వచ్చేదీ రానిదీ నీ ఇష్టం. నాకు భయపడో, నా మీద జాలిపడో మాత్రం రావద్దు.

ఇప్పుడు నందివర్ధనం సంగతి.

నువ్వు మన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తెల్లవారకముందే లేచి, తలస్నానం చేసి, దేవుడికి పూలు కోసి బుట్టలో పెట్టేదానివి. మీ మామయ్య పోయి దినాలయ్యాక కూడా మానలేదు. పాలిషు మాటకు నేను తెలియక చేసినదని పేరు పెట్టుకోవచ్చు. ఇది తెలిసి చేసింది. అప్పటి నుంచి నువ్వు వెళ్ళే దాకా ఒక్కరోజు కూడా నువ్వు కోసిన పూలు నేను దేవుడికి పెట్టలేదు. నువ్వు వంటింట్లోకి వెళ్ళాక వాటిని పెరట్లో అరటి మొదట్లో పోసి, వేరేవి కోసుకువచ్చి పెట్టేదాన్ని. నీ చేతి పువ్వులు రాలతాయని, దీపం దగ్గర కూడా రాలతాయని నాకు భయం వేసింది. రత్నం వదిన పైకి అంది. నేను లోపల అనుకున్నాను. ఎవరు ఎక్కువ నమ్మారో నేను చెప్పలేను. వదిన ఏడ్చి అరిచింది. నేను నీకు అన్నం వడ్డిస్తూ, తల దువ్వుతూ, నమ్మాను.

నీకు తెలుసునేమో. అరటి మొదట్లో వాడిన పూల కుప్ప నువ్వు చూసే ఉంటావు. చూసి కూడా మర్నాడు మళ్ళీ కోశావు. అందుకే పార్సిల్లో కాగితం పెట్టి, నందివర్ధనం పూస్తోందా అని మాత్రం అడిగావు.

పూస్తోంది మౌనికా. విరగబూస్తోంది. నేను కోయడం మానేశాను. దీపం ఒక్కటే పెడుతున్నాను. పూల బుట్ట కడిగి గూటి పక్కన బోర్లించాను. పూజలో ఈ లోటు నాది, లెక్క నా దగ్గరే తీసుకో అని అప్పన్నకు చెప్పుకున్నాను. పువ్వులు చెట్టు మీదే వాడి, కిందే రాలుతున్నాయి. ఊడ్చేటప్పుడు చూస్తుంటాను. ఎవరూ తాకకుండానే రాలుతున్నాయి. రోజూ రాలేవే. ఇన్నేళ్ళు ఊడుస్తూ ఇది ఒక్కసారి కూడా నాకు కనబడలేదు.

నీ చివరి మాటకు జవాబు ఇదే. "నా వల్ల ఏం తప్పు జరిగింది అత్తయ్యా" అని అడిగావు. నీ వల్ల ఏమీ జరగలేదు. మీ మామయ్య ఆయుష్షు అంతవరకే ఉంది. పూలు జారింది నా చేతి జిడ్డుకు.

పాలిషు సంగతి అందరికీ తెలుసు. నేనే చెప్పాను, ఇంకా అడిగినవాళ్ళకల్లా చెబుతాను. టోని గురించి కూడా సుభాష్‌పల్లిలో నాలుగిళ్ళలో చెప్పి వచ్చాను. మీ నాన్నగారికి ఫోను చేసి చెప్పుకుంటాను. అరటి మొదటి సంగతి మాత్రం నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఫణికి చెప్పే ధైర్యం నాకు రాలేదు. వాడు అమ్మా అని పిలిచే పిలుపులో ఏదైనా మారితే తట్టుకోలేను. అందుకే ఈ ఉత్తరం వాడి చేతికివ్వకుండా, దోర్కా చేత పోస్టులో వేయిస్తున్నాను.

ఈ కాగితాలు చింపేయకు. నీ బీరువాలో, చీరల మడతల్లో ఎక్కడైనా దాచుకో. ఎవరికీ చూపించకు, నీ కన్నతల్లికి కూడా. నాకు వయసు మీద పడుతుంది, మనసు మళ్ళీ వంకరపోవచ్చు. ఎప్పుడైనా నేను నీ చేతి పువ్వుల్ని పక్కన పెట్టినట్టు నీకు అనిపిస్తే, ఏమీ అనకు. వీటిని తీసుకువచ్చి నా ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా నాకే చదివి వినిపించు.

ఇట్లు,
బుట్ట బోర్లించి పెట్టి నీ కోసం చూస్తున్న
మీ అత్తయ్య,
ఇంద్రాణి.